గాలి కప్పును పైకి లాగుతుంది

పగలంతా ఓ మోస్తరు గాలి. కొమ్మలు ఊగడం తప్ప విశేషమేమీ లేదు. ఇంటి కప్పు సంగతి ఆలోచించుకోవాల్సింది ఇలాంటి రోజునే. తుఫాను రోజున తీరికెక్కడిది?

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 25 కిలోల బలం చూపిస్తే, 144 కిలోమీటర్ల గాలి 100 కిలోలు చూపిస్తుంది. అర మిల్లీమీటరు మందం ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు ఐదు కిలోల లోపే. పైగా వాలు తక్కువున్న కప్పును గాలి నొక్కదు, పైకి పీలుస్తుంది. చూరు అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు నడిమి భాగం కంటే చాలా ఎక్కువ. అందుకే అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. అన్నిచోట్లా ఒకే ఎడం పెట్టుకుంటూ పోవడం బద్ధకం తప్ప పొదుపు కాదు.

స్క్రూ గట్టిగా ఉన్నా రేకు పోవచ్చు. 1974లో ట్రేసీ తుఫాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని కొట్టినప్పుడు తేలింది ఇదే. గాలి తెరలు తెరలుగా లాగి వదులుతుంటే, తీగను అటూ ఇటూ వంచినట్టు స్క్రూ తల చుట్టూ రేకు పగుళ్లిచ్చింది. స్క్రూ చెక్కలోనే ఉండిపోయింది, రేకు మాత్రం దాని తల మీదుగా ఊడి లేచిపోయింది. వెడల్పాటి వాషరు వేయమనేది ఇందుకే.

ఇక గాలికి ఎదురుగా ఉన్న షట్టరో పెద్ద తలుపో లొంగితే గాలి లోపల నిండి కప్పును కిందనుంచి తోస్తుంది. పైన లాగుడు, కింద తోపుడు. కప్పు పోయాక గోడ పైఅంచుకు ఆసరా ఉండదు, గోడ కూలుతుంది. సుడిగాలికి ఇల్లు పేలిపోతుందని, ముందే కిటికీలు తెరిచి పెట్టాలని చెప్పే మాట నమ్మొద్దు. తెరిస్తే గాలిని మనమే లోపలికి పిలిచినట్టు.

వాసాన్ని గోడ మీది చెక్కకు ఏటవాలు మేకులతో సరిపెడితే పైకి లాగినప్పుడు అవి జారి వచ్చేస్తాయి. ఇనుప పట్టీ వాసం మీదుగా చుట్టి రెండు పక్కలా మేకులు కొడితే నిలుస్తుంది. ఆ పట్టు గోడలోంచి పునాది బోల్టు దాకా ఎక్కడా తెగకూడదు.

అమెరికాలో 2007 నుంచి వాడుతున్న ఈఎఫ్ కొలమానం కూడా టోర్నడో (సుడిగాలి) వేగాన్ని శిథిలాలను చూసే అంచనా కడుతుంది. ఇల్లు పునాది మీద నుంచి మొత్తంగా కొట్టుకుపోయినా, బోల్టులు సరిగా లేవని తేలితే వేగం అంచనాను తగ్గిస్తారు.