సబ్బాత్ టోన్: మధ్యాహ్నానికి చేతులెత్తేస్తున్న బూస్టర్

పొద్దున్న ప్లగ్ పెడితే అచ్చం బ్లాక్ సబ్బాత్ గిటార్ సౌండే. మధ్యాహ్నానికి అదే గిటార్, అదే ఆంప్, కానీ డబ్బాలో కందిరీగ తిరుగుతున్నట్టుంది. చిరాకెత్తిపోతోంది.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌ని 1969 అక్టోబర్ 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో రికార్డ్ చేసేశారు. నా బూస్టర్ (గిటార్ సిగ్నల్‌ని ఆంప్‌కి ముందే పెంచే చిన్న డబ్బా) ఒక్క పూట కూడా నిలకడగా ఉండట్లేదు. పోలికకు పెట్టుకున్నది టైటిల్ పాట మొదట్లో వచ్చే ఆ మూడు స్వరాలు. వాన, గంట తర్వాత కలిపినవే కాబట్టి వాటితో మనకు పనిలేదు.

గిటార్ వైపు అంతా కుదిరింది: పీ90 రకం పికప్‌లున్న గిబ్సన్ ఎస్‌జీ గిటార్, సన్న తీగలు. బ్యాండ్ గిటారిస్ట్ టోనీ ఐయోమీ కూడా ఆ రోజు స్ట్రాటోకాస్టర్ అనే వేరే గిటార్‌తో మొదలుపెట్టి, పికప్ పోయాకే ఎస్‌జీకి మారాడు. లేనీ ఆంప్ గురించి ఒక్క మాట: ఈ టోన్‌కి మార్షల్ కన్నా అదే నయం.

తలనొప్పంతా బూస్టర్‌తోనే, అంటే రేంజ్‌మాస్టర్ అనే పాత బూస్టర్‌కి నకలుగా కట్టిన నా క్లోన్‌తోనే. పట్టుమని పది పార్టులు లేవు. ఒకే ట్రాన్సిస్టర్; దాని మూడు కాళ్లలో బేస్‌కి 470కె, 68కె (కిలోఓమ్‌ల) రెసిస్టర్లు, ఎమిటర్‌కి 3.9కె, ఇన్‌పుట్ కెపాసిటర్ 4.7 నానోఫారడ్. గది 23 డిగ్రీలున్నప్పుడు మూడో కాలు కలెక్టర్ దగ్గర మైనస్ 6.7 వోల్టులు. 36 డిగ్రీలకి మైనస్ 5.7. బ్యాటరీ మాత్రం కదల్లేదు. పొద్దున్నే ట్రాన్సిస్టర్‌ని రెండు వేళ్లతో పట్టుకుంటే మీటర్‌లో అంకె కళ్లముందే 6.1కి జారింది. ఐస్ ముక్కని కవర్‌లో చుట్టి ఆనిస్తే 7.1కి ఎక్కింది. అంటే దొంగ దొరికినట్టే: జెర్మేనియం లీకేజీ, అంటే ఈ పాతరకం జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లోంచి ఊరికే కారిపోయే కరెంట్. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా అది దాదాపు రెట్టింపవుతుంది కదా. నా ట్రాన్సిస్టర్‌ది గది వేడిలోనే 450 మైక్రోఆంపులు, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) 95.

68కె తీసి 56కె వేశాను. మధ్యాహ్నం 6.3కి వచ్చింది గానీ పొద్దున్న 7.2 అయి ఊపు తగ్గింది. 160 మైక్రోఆంపుల లీకేజీ ఉన్న ఇంకో ట్రాన్సిస్టర్ పెడితే 7.0 నుంచి 6.4కే దిగింది. కానీ దాని గెయిన్ 50, సౌండ్ చప్పగా ఉంది.

అయినా ఒక్క వోల్టు తేడాకే ఇంత పీలగా ఎందుకవుతోంది? నా అనుమానం ఇది: కరెంట్ పెరిగితే ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికొచ్చే సిగ్నల్‌కి అడ్డు) పడిపోతుంది. ముందున్న 4.7 నానో కెపాసిటర్ అప్పుడు బాస్‌ని ఇంకా కోసేస్తుంది. మరోవైపు గెయిన్ పెరిగి క్లిప్పింగ్ (సిగ్నల్ కొసలు తెగి సౌండ్ చిరగడం) ముందే మొదలవుతుంది. రెండూ కలిసి ఆ కందిరీగ.

సిలికాన్ ట్రాన్సిస్టర్ పెట్టెయ్ అనేవాళ్లున్నారు. వేడికి ఇంతగా కదలదు, నిజమే. కానీ మెల్లగా మీటినప్పుడు వచ్చే ఆ గుండ్రదనం పోతుంది, నాకొద్దు. అలాగని పాత రేంజ్‌మాస్టర్‌లో ఉండే ఓసీ44 ట్రాన్సిస్టర్ ముద్ర కోసం డబ్బు తగలెయ్యడమూ దండగే. లీకేజీ తక్కువుండే రష్యన్ జెర్మేనియం ట్రాన్సిస్టర్లు కొన్ని తెప్పించి, సాకెట్‌లో ఒక్కోటీ మార్చి 36 డిగ్రీల దగ్గరే కొలుస్తా. 68కె బదులు 100కె ట్రిమ్‌పాట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) కూడా పెడతా.

అది తేలాక 1971 నాటి మూడో ఆల్బమ్ ట్యూనింగ్, సీ షార్ప్. తీగలు మూడు సెమీటోన్లు దించాక 4.7 నానోనే ఉంచాలా, 10 వెయ్యాలా అన్నది రెండూ స్విచ్ మీద పెట్టి విని చూస్తా.