కోచ్ వెళ్ళిపోయారు, సంతకం మిగిలింది

2024 డిసెంబరు రెండో వారం. మర్నాడు కాలిక్యులస్ పరీక్ష పెట్టుకుని, రాత్రి పదకొండు దాటాక, కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే మా అబ్బాయి ఫోను చేశాడు. "అమ్మా, కోచ్ వెళ్ళిపోతున్నారట" అన్నాడు. ఆ చివరి 'ట' దగ్గరే నాకు చాలా సేపు మాట రాలేదు. అంటే ఆయన వాడితో చెప్పలేదు. ఎవరో విలేఖరి రాసిన ఒక్క వాక్యం జట్టులోని పిల్లలందరి ఫోన్లలో ఒకేసారి మోగితే తెలిసింది.

మేము డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. వాడు ఎనిమిదో తరగతి దాకా సాకర్ ఆడాడు. తొమ్మిదిలో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కిక్కర్, అంటే బంతిని కాలితో తన్నేవాడు, కావాలంటే వెళ్ళాడు. టెక్సాస్‌లో శుక్రవారం రాత్రి స్కూలు మ్యాచ్ అంటే ఊరు ఊరంతా కదిలి వస్తుంది. ఆ దీపాల కింద వాడు కొట్టిన మొదటి ఫీల్డ్ గోల్ ముప్పై ఒక్క గజాలు. తెనాలిలో ఉన్న మా మామగారికి వీడియో పంపితే, "బంతి రెండు కర్రల మధ్య నుంచి పోతే చాలు కదా, మన వాడిది చక్కగా పోయింది" అన్నారు. ఆ ఆట గురించి మా ఇంట్లో అందరికీ తెలిసింది అప్పటికి అంతే.

కాలేజీ కోచ్‌లు పిల్లలకు నేరుగా సందేశాలు పంపడానికి పదకొండో తరగతి సెప్టెంబరు 1 దాకా ఆగాలి. ఆ రోజు అర్ధరాత్రి దాటగానే వాడి ఫోను వెలిగింది. తరవాత ఏడాదిపాటు శిబిరాలు, కాలేజీల సందర్శనలు. కిక్కర్ల పరిస్థితి మిగతా ఆటగాళ్ళలాంటిది కాదు. పెద్ద జట్లకు అప్పట్లో 85 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. అందులో కిక్కర్‌కు ఒకటి ఇవ్వడానికే చాలామంది వెనకాడతారు. "ముందు మీ ఖర్చుతో చేరండి, తరవాత చూద్దాం" అంటారు. మొదటి రోజు నుంచీ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తామన్న కాలేజీ ఒక్కటే వచ్చింది. దాని పేరు ఇక్కడ రాయను.

2023 డిసెంబరులో ఆ కాలేజీ హెడ్ కోచ్ మా ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గర మా చెప్పుల స్టాండు చూసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పారు. పులిహోర రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. తిన్నాక మా వాణ్ణి నిలబెట్టి, "నీ ఎడమ పాదం బంతికి అంగుళం ముందు పడుతోంది, అందుకే దూరం పెరిగితే కుడికి పోతోంది" అని నేల మీద పలకల గీత చూపించి చెప్పారు. వాడి వీడియోలు అన్నీ చూశారన్నమాట. వెళ్ళేముందు నా వైపు తిరిగి, "ఈ నాలుగేళ్ళూ మీ అబ్బాయి నా బాధ్యత" అన్నారు. ఆ మాట అబద్ధమని నేను ఈరోజుకీ అనుకోను. ఆ నిమిషంలో ఆయన నిజంగానే అన్నారు.

హైస్కూల్ కోచ్ మాత్రం మాకు ముందే ఒక కథ చెప్పారు. 2015లో రోక్వాన్ స్మిత్ అనే జార్జియా కుర్రాడు టీవీ కెమెరాల ముందు కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో చేరుతానని ప్రకటించాడు. అంతలోనే తనను కోరి ఎంచుకున్న డిఫెన్స్ కోచ్ అట్లాంటా ఫాల్కన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు వెళ్ళిపోతున్నట్టు తెలిసి, ఒప్పందపత్రం మీద సంతకం ఆపేశాడు. చివరికి జార్జియా యూనివర్సిటీలో చేరినప్పుడు కూడా ఆ పత్రం మీద సంతకం చేయలేదు, ఆర్థిక సహాయం కాగితాలతో సరిపెట్టాడు. 2018లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో ఎంపికయ్యాడు. "అందరికీ అది సాధ్యం కాదు. కాగితం మాత్రం చదవండి" అన్నారు ఆయన.

చదివాను. కుర్రవాడికి 21 ఏళ్ళు నిండకపోతే తల్లో తండ్రో కూడా సంతకం చేయాల్సి ఉండేది. సంతకం చేస్తున్నది విద్యాసంస్థతోనే తప్ప ఫలానా కోచ్‌తో కాదని అందులో స్పష్టంగానే ఉంది. ఆ వాక్యం మీద నా వేలు ఆగింది కూడా. కాని పులిహోర తిన్న మనిషి ముఖం కళ్ళలో ఉంది. డిసెంబరు 20న సంతకం పెట్టాను.

సరిగ్గా మూడు వారాలకు, 2024 జనవరి 10న అలబామా యూనివర్సిటీ హెడ్ కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యారు. రెండు రోజుల్లో వాషింగ్టన్ యూనివర్సిటీ కోచ్ కేలన్ డిబోర్ ఆ స్థానంలోకి వెళ్ళిపోయారు. వాషింగ్టన్ జట్టు జాతీయ ఫైనల్లో ఓడి అప్పటికి నాలుగు రోజులే. మా వారు ఆ వార్త చదివి నా వైపు చూశారు. "అవి పెద్ద కాలేజీల సంగతులు" అన్నాను. 2021లో కోచ్ లింకన్ రైలీ ఓక్లహోమా యూనివర్సిటీ నుంచి కాలిఫోర్నియాలోని యూఎస్‌సీకి, ఒకటి రెండు రోజుల తేడాతో బ్రయన్ కెల్లీ నోటర్ డేమ్ నుంచి పదేళ్ళకు 9.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో లూసియానాలోని ఎల్‌ఎస్‌యూకి మారినప్పుడు కూడా ఇలాగే అనుకున్నాం. రైలీ వెంట ఆయన క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడు, కేలబ్ విలియమ్స్ వెళ్ళి, మరుసటి ఏడాది కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. అయితే కోచ్ తన వెంట తీసుకువెళ్ళేది అలాంటి ఒకరిద్దరినే. మిగిలిన వందమంది ఏమవుతారో ఎవరూ రాయరు.

మొదటి సీజన్‌లో వాడు రెండు మ్యాచ్‌లే ఆడాడు. అప్పటి నియమం ప్రకారం నాలుగు మించకపోతే ఆ ఏడాది ఆట అర్హత లెక్కలోకి వచ్చేది కాదు, దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. అంతా అనుకున్నట్టే సాగుతోంది. అక్టోబరులో క్యాంపస్ చూడడానికి వచ్చిన హైస్కూల్ కుర్రాళ్ళలో ఒకణ్ణి రెండు రోజులు తిప్పి చూపించే పని మా వాడికి అప్పగించారు. "మంచి పిల్లవాడమ్మా, లైన్‌బ్యాకర్. ఇక్కడికే రమ్మని చెప్పాను. కోచ్ మాట మీద నిలబడతారని చెప్పాను" అన్నాడు ఆ రాత్రి. డిసెంబరు 4న ఆ పిల్లవాడు సంతకం చేశాడు. కోచ్ వెళ్ళిపోతున్న వార్త వచ్చేటప్పటికి వారం కూడా కాలేదు.

మర్నాడు పొద్దున్నే జట్టు సమావేశం. పది నిమిషాలు కూడా పట్టలేదట. ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారు, కుటుంబం కోసం తీసుకున్న నిర్ణయమన్నారు, పక్క తలుపు నుంచి వెళ్ళిపోయారు. మా వాడు అక్కడి నుంచి నేరుగా పరీక్ష హాలుకు వెళ్ళాడు.

ఆ సాయంత్రం మాకు ఫోను చేసినవారు ఒక్కరే, కిక్కర్లను చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్. ఆయన ఉద్యోగం కూడా పోయినట్టే, ఎందుకంటే కొత్త హెడ్ కోచ్ తన మనుషులను తెచ్చుకుంటారు. ఇద్దరు పిల్లలు అదే ఊళ్ళో బడికి వెళ్తున్నారు. తన సంగతి ఒక్క ముక్కలో ముగించి, మా వాడు ఏం చేయాలో అరగంట చెప్పారు. ఆ మనిషిని నేను మరిచిపోను.

తరవాత జరిగినదంతా కాగితాల పని. ఎవరికైనా ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

హెడ్ కోచ్ వెళ్ళిపోతే ఆటగాళ్ళకు వేరే కాలేజీ వెతుక్కోవడానికి అప్పట్లో 30 రోజుల గడువు ఉండేది. దానికి మార్గం 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పేర్లు నమోదయ్యే ఆన్‌లైన్ జాబితా. కుర్రవాడు కాలేజీలో క్రీడా నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేస్తే, రెండు పనిదినాల్లో వాళ్ళు పేరు నమోదు చేయాలి. అప్పటిదాకా ఇతర కోచ్‌లు మాట్లాడకూడదు. పేరు ఎక్కాక మాత్రం పాత కాలేజీ ఆ సెమిస్టర్ ముగియగానే స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. తిరిగి వస్తానంటే తీసుకోవాలన్న నిబంధన లేదు. కంప్లయన్స్ ఆఫీసులో ఆవిడ ఇవన్నీ ఎంతో ఓపికగా చెప్పారు. నేను ఫోనులో వింటూ రాసుకున్నాను. "మా వాడి స్కాలర్‌షిప్ ఎన్నేళ్ళకు?" అని అడిగాను. "ఒక ఏడాదికండీ, ఏటా కొత్తగా ఇస్తారు. కొనసాగుతుందో లేదో జులై 1 లోపు చెబుతాం. ఇవ్వకపోతే అప్పీలుకు అవకాశం ఉంటుంది" అన్నారు. కోచ్ మా భోజనాల బల్ల దగ్గర అన్న నాలుగేళ్ళు ఆ కాగితంలో ఎక్కడా లేవు. నేను అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

పైగా అప్పుడే కాలేజీ క్రీడాకారులు తమకు చెల్లింపుల కోసం వేసిన కేసులో రాజీ ఒప్పందం కోర్టు తుది ఆమోదం కోసం ఎదురుచూస్తోంది. ఆమోదం వస్తే ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించకూడదు. చాలా జట్లలో అప్పటికి 120 మందికి పైగా ఉన్నారు. న్యాయమూర్తి సంతకం 2025 జూన్‌లో పడింది గాని, కోచ్‌లు ఆ శీతాకాలంలోనే పేర్లు తగ్గించుకోవడం మొదలుపెట్టారు. కొత్త కోచ్ వచ్చిన నాలుగో రోజున మా వాణ్ణి పిలిచి మర్యాదగానే మాట్లాడారు. తన పాత కాలేజీ కిక్కర్ వెంట వస్తున్నాడని, పోటీపడి చోటు సంపాదించుకోవచ్చని చెప్పారు. ఒకే జట్టులో ఇద్దరు కిక్కర్లకు స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు అరుదు. ఆ మర్యాద వెనక ఉన్న సంగతి వాడికి అర్థమైంది.

సెలవులకు ఇంటికి వచ్చాడు. కంప్లయన్స్ ఆఫీసుకు పంపాల్సిన ఈమెయిల్ రాసి, పంపకుండా లేచి వెళ్ళాడు. గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ముప్పావుగంట తరవాత కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చాడు. అక్టోబరులో క్యాంపస్ అంతా తిప్పి చూపించిన ఆ పిల్లవాడికి ఫోను చేశాడట. "ఇక్కడికి రమ్మని నేనే చెప్పాను కదమ్మా. నేను వెళ్తున్న సంగతి వాడు ఫోనులో చదివి తెలుసుకోకూడదు" అన్నాడు. తరవాత కూర్చుని ఈమెయిల్ పంపాడు.

పోర్టల్‌లో మొదటి తొమ్మిది రోజులు ఒక్క ఫోనూ రాలేదు. వాడు రోజూ పొద్దున స్కూలు మైదానానికి వెళ్ళి ఒంటరిగా బంతులు కొట్టి వచ్చేవాడు. బంతి పట్టి నిలిపేవాడు లేక చిన్న ఇనుప స్టాండు పెట్టుకునేవాడు. పదో రోజు ఒక కాలేజీ, పన్నెండో రోజు ఇంకొకటి పిలిచాయి. ఈసారి ప్రశ్నల కాగితం నా చేతిలో ఉంది. స్కాలర్‌షిప్ ఏడాదికా, చదువు పూర్తయ్యేదాకానా? ఆ సంగతి రాతలో ఇస్తారా? సివిల్ ఇంజనీరింగ్‌లో ఇప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లలో ఎన్ని ఒప్పుకుంటారు? ఇది చిన్న విషయం కాదు. మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తి కాకపోతే మైదానంలోకి దిగే అర్హతే పోతుంది. ఆ తరవాత 60, 80 శాతం చొప్పున పెరుగుతుంది. క్రెడిట్లు పోగొట్టుకుంటూ రెండు మూడు కాలేజీలు మారిన పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు. మొదటి కాలేజీలో ఇంజనీరింగే లేదు. రెండోది ఒక్క కోర్సు తప్ప అన్నీ ఒప్పుకుంది. అక్కడి కోచ్‌ను నేను సూటిగా అడిగాను: "మీరు వెళ్ళిపోతే?" ఆయన కాసేపు ఆగి, "వెళ్ళనని చెప్పలేనమ్మా. అందుకే మీకు కావలసింది కాగితం మీద పెట్టించుకోండి" అన్నారు. ఆ జవాబు విన్నాకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఆట అర్హత ముగిసేదాకా స్కాలర్‌షిప్ అని రాసిచ్చారు.

పాత కోచ్ మార్చిలో మా వాడికి రెండు వాక్యాల సందేశం పంపారు. వాడు కృతజ్ఞతలు చెప్పాడు. నాకు ఆయన మీద కోపం చాలా రోజులు ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే, పిల్లల సంతకాలు, పోర్టల్, కోచ్‌ల నియామకాలు, ప్లేఆఫ్ మ్యాచ్‌లు అన్నీ అప్పట్లో డిసెంబరు చుట్టూనే పడేలా క్యాలెండర్ తయారుచేశారు. పిలిచిన కాలేజీ నాలుగు రోజులు కూడా ఆగదు. కోచ్ ముందుగా వదిలివెళ్తే కట్టాల్సిన సొమ్ము కూడా సాధారణంగా కొత్త కాలేజీయే చూసుకుంటుంది. ఇంతకన్నా మంచి ఉద్యోగం వస్తే మేమూ మారతాం, నేను రెండుసార్లు మారాను. వెళ్ళినందుకు ఆయన్ను తప్పుపట్టను. కాని ఆ రాత్రి పదకొండు లోపు వందమందికి ఒక్క సామూహిక సందేశమైనా పంపగలిగేవారు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు అంతకన్నా ఎక్కువ కోరలేదు.

2025 నవంబరు 30న హెడ్ కోచ్ లేన్ కిఫిన్ ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) వదిలి ఎల్‌ఎస్‌యూకి వెళ్ళారు. 11 గెలుపులు, ఒక్క ఓటమితో ఆ జట్టు తొలిసారి ప్లేఆఫ్‌కు వెళ్ళబోతున్న సమయం అది. ఆ వార్తే నాతో ఇదంతా రాయించింది. కోచ్ వెళ్ళిపోతే ఆటగాళ్ళు కాలేజీ మారే నియమం కూడా ఇప్పుడు మారింది. కొత్త హెడ్ కోచ్ పేరు ప్రకటించిన ఐదు రోజుల తరవాత మొదలై 15 రోజులే గడువు. కొత్తవాళ్ళతో ఒకసారి మాట్లాడి నిర్ణయించుకునే వీలు ఉండడం మంచిదే. ఆ 15 రోజుల్లో చదువు లెక్కలు, స్కాలర్‌షిప్ కాగితాలు చూసుకోవాలంటే మాత్రం ఇంట్లోవాళ్ళు ముందే సిద్ధంగా ఉండాలి.

మా వాడు ఫోను చేసిన ఆ పిల్లవాడు కొత్త కోచ్‌తో మాట్లాడి అక్కడే ఉండిపోయాడు. ఈ మధ్య వాళ్ళ నాన్నగారు నాకు ఫోను చేశారు. రెండో అబ్బాయి పదకొండో తరగతికి వచ్చాడట, సెప్టెంబరు 1 నుంచి సందేశాలు మొదలయ్యాయట. ఆ ప్రశ్నల కాగితం ఒకసారి పంపగలరా అని అడిగారు. వంటింట్లో పని ఆపి, అప్పుడే ఫోటో తీసి పంపాను.