పాఠం చెబితే సున్నా

అమెరికాలో మెడికల్ కాలేజీ ప్రొఫెసర్నంటే గుంటూరులో మా బాబాయి అడిగే మాట ఒకటే: "రోజుకి ఎన్ని క్లాసులురా?" ఆయన హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. నా జీతం పాఠాలకి రాదు బాబాయ్, ఆర్‌వీయూలకి వస్తుందంటే, "యూనిట్లా? కరెంటు బిల్లులాగానా?" అన్నారు. దాదాపు అంతే.

ఆర్‌వీయూ అంటే రిలేటివ్ వాల్యూ యూనిట్. డాక్టరు చేసే ప్రతి పనికీ ఒక అంకె ఉంటుంది. పట్టే సమయం, కావలసిన నేర్పు, మనసు మీద పడే ఒత్తిడి అన్నీ చూసి 1980ల్లో హార్వర్డ్‌లో విలియం షియావ్ బృందం ఈ లెక్క కట్టింది. 1992 నుంచి మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, దాని ప్రకారమే డబ్బు కడుతోంది. అంకెలో మూడు ముక్కలుంటాయి: డాక్టరు శ్రమ, క్లినిక్ ఖర్చు, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో తప్పు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా). డాక్టర్లకి ఎంతివ్వాలో తేల్చడానికి పుట్టిన లెక్క ఇది. శ్రమ ముక్క ఒక్కటీ తీసి, ప్రొఫెసర్ ఎంత పనిమంతుడో తేల్చడానికి వాడేస్తున్నారు. బిల్లింగ్ కంప్యూటర్లో రెడీగా దొరుకుతుంది కదా, అందుకని.

మంగళవారం నా డయాబెటిస్ క్లినిక్. షుగర్ అదుపులో లేని పాత పేషెంటు వస్తాడు, ఇన్సులిన్ మోతాదు మారుస్తాను. బిల్లులో దానికి 99214 అనే కోడ్, శ్రమకి 1.92 యూనిట్లు. ముందు మూడో సంవత్సరం విద్యార్థి లోపలికెళ్లి, చాలాసేపు మాట్లాడి, బయటికొచ్చి కేసు చెబుతాడు. "పాదాలు చూశావా?" అంటాను. చూసి ఉండడు. ఇద్దరం మళ్లీ వెళ్లి సాక్సులు విప్పిస్తాం. స్పర్శ ఉందో లేదో చూడటానికి సన్నటి నైలాన్ దారాన్ని బొటనవేలి కింద వంగేదాకా ఆనిస్తాం. కళ్లు మూసుకున్న పేషెంటు, "ఎప్పుడు మొదలుపెడతారు?" అంటాడు. కుర్రాడి ముఖం మారిపోతుంది. ఇక జన్మలో ఏ షుగర్ పేషెంటు సాక్సులూ విప్పించకుండా పంపడు. ఈలోపు నేనింకో పేషెంటుని చూసేయొచ్చు. దక్కింది మాత్రం అదే 1.92. నెలాఖరున నా పేరు పక్కన ఎర్ర రంగు: మీడియన్ (అందరి అంకెల్లో నడిమిది) కంటే తక్కువ.

పరిశోధన చేసేవాళ్ల గోల వేరు. గ్రాంటు జీతంలో ఎంత శాతం మోస్తోందో చూస్తారు, ఆపైన హెచ్-ఇండెక్స్, అంటే రాసిన పేపర్లెన్ని, వాటిని మిగతావాళ్లు ఎన్నిసార్లు ఉదహరించారు అన్నది కలిపి తేల్చే అంకె. 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన తెచ్చిన కొలత. అదెటూ నాకు చిన్నదే, వదిలేయండి.

1946లో మొదలైన మా గుంటూరు మెడికల్ కాలేజీలో, జనరల్ ఆసుపత్రి మంచం పక్కన నిలబడి నేర్చుకున్నవాణ్ణి. స్ప్లీన్ (ప్లీహం) చేతికి ఎలా తగులుతుందో మా చీఫ్ నా చెయ్యి పట్టుకుని చూపించారు. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఏ కోడూ లేదు. అలాగని కొలతే వద్దనను. కొలత లేనిచోట సంతకం పెట్టి సొంత నర్సింగ్ హోముకి జారుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు.

మా బ్యాచ్‌మేట్ ఒకడు విజయవాడ దగ్గర ప్రైవేటు కాలేజీలో ప్రొఫెసర్. నేషనల్ మెడికల్ కమిషన్ 2025 మే నుంచి హాజరుకి ఫోన్లో ముఖం చూపించాలంది, ఏ చోటి నుంచో కూడా నమోదవుతుంది. "ముఖం ఉందా లేదా చూస్తార్రా, నోరు విప్పామా లేదా ఎవడిక్కావాలి" అని వాడి ఏడుపు. అక్కడ ముఖం, ఇక్కడ బిల్లు. వార్డులో కేసు చెప్పే పని రెంటిలోనూ పడదు.

మా డిపార్ట్‌మెంటులో బోధనకీ పాయింట్లిద్దామని కమిటీ వేశారు. లెక్చరుకి ఇన్ని, చిన్న గ్రూపు క్లాసుకి ఇన్ని అని రాసుకున్నారు. మంచం పక్క బోధన దగ్గరకొచ్చేసరికి ఆగిపోయారు. ఆ టైముకి ఎలాగూ బిల్లు వేస్తున్నారు కదా, రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది అన్నారు. కొట్టేశారు. ఆ తర్వాత లెక్చర్లకి మాత్రం పోటీపడి పేర్లిచ్చారు.

వచ్చే జులైలో నా కాంట్రాక్టు తిరగరాస్తారు. విద్యార్థి ఉన్న పూట రెండు పేషెంటు స్లాట్లు తగ్గించమని అడిగాను. తగ్గిస్తాం, ఆ మేరకు జీతమూ తగ్గుతుంది అన్నారు. బాబాయికి చెబితే, "మాకు క్లాసులెక్కువైతే పీరియడ్ అలవెన్స్ ఇమ్మని యూనియన్లో కొట్లాడేవాళ్లం, నువ్వు ఎదురిచ్చి పాఠం చెబుతావా?" అని నవ్వారు. ఎంత తగ్గుతుందో ఇంకా తేల్చలేదు. తేల్చాక సంతకం పెట్టేస్తాను.