రుద్రదేవ మహారాజు, రుద్రమదేవి
ఒంగోలు, మంగళవారం

ఈ రోజు రెండో సంవత్సరం వారికి కాకతీయుల పాఠం పూర్తిచేశాను. శాసనాలలో రుద్రమదేవి పేరు 'రుద్రదేవ మహారాజు' అని కనిపిస్తుందని చెప్పగానే వెనుక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "అయితే మేడమ్, రుద్రమదేవిని ట్రాన్స్‌మ్యాన్ అనొచ్చా?" అని అడిగింది. ఆడపిల్లగా పుట్టినా తనను మగవాడిగా ఎంచుకునే మనిషి అని ఆ మాటకు అర్థం. కొందరు నవ్వారు కాని, అది నవ్వవలసిన ప్రశ్న కాదు. గంట కొట్టే వేళ కావడంతో అనలేమని మాత్రం చెప్పి వచ్చేశాను. ఎందుకు అనలేమో ఇక్కడ రాసుకుంటే రేపటి తరగతికి పనికొస్తుంది.

గణపతిదేవుడు కూతురికి రుద్రుడనే మగపేరు పెట్టి రాజ్యం అప్పగించాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం చెబుతుంది. ఆమె చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్ళాడింది, కూతుళ్లను కన్నది, మనుమడు ప్రతాపరుద్రుణ్ణి వారసునిగా చేసుకుంది. పాలనాకాలపు శాసనాలలో మహారాజుగా ఉన్న ఆమెనే, మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమదేవి అంటుంది. ఆ మగపేరు సింహాసనానిదో, ఆమె మనసుదో తేల్చిచెప్పే అక్షరం ఆ రాళ్ల మీద ఒక్కటీ లేదు.

ఆ కాలపు ఆలోచన ఎలాంటిదో ఊహించడానికి మన నెల్లూరు కథే చాలు. మనుమసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన యుద్ధంలో వెన్నిచ్చి ఇంటికి వస్తే, ఇల్లాలు స్నానానికి మంచం అడ్డుపెట్టి, నీళ్ల పక్కన పసుపు ముద్ద ఉంచిందట. చాటుకథే కావచ్చు, అందులోని ఎత్తిపొడుపు మాత్రం స్పష్టం: కత్తి పట్టినవాడు మగవాడు, పారిపోయినవాడు పసుపు రాసుకోవలసినవాడు. యుద్ధాన్నీ రాజ్యాన్నీ అంతగా మగవారి సొత్తుగా ఎంచిన సమాజంలో, గద్దెనెక్కిన స్త్రీని మహారాజుగా చెక్కించడంలో వింతేమీ లేదు. (ఆ ఇల్లాలిని మెచ్చుకుంటూ ఇప్పటికీ పాఠాలు చెబుతాం, ఆ పసుపు ముద్ద ఎవరిని కించపరిచిందో ఆలోచించము.)

ఆమెకు మనకు తెలిసిన చీటీ అంటించే పని మనతో మొదలు కాలేదు. పదమూడో శతాబ్ది చివర కాకతీయ రాజ్యాన్ని మోటుపల్లి రేవు పేరుతో వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, అక్కడ రాణి చక్కగా పాలిస్తున్నదని మెచ్చుకుంటూనే, ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా పేర్కొన్నాడు. కూతురు రాజ్యమేలడం అతని ఊహకు అందలేదు కాబోలు, తనకు అలవాటైన వితంతురాణి గడిలో ఆమెను కూర్చోబెట్టాడు. మోటుపల్లి మా పాత ప్రకాశం జిల్లాదే, 2022లో బాపట్లకు పోయింది.

అలాగని ఈ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు ఉండదు. కార్క్‌లో మార్గరెట్ బల్క్‌లీగా పుట్టి, 1812లో ఎడిన్‌బరోలో వైద్యపట్టా పొంది, బ్రిటిష్ సైన్యంలో వైద్యాధికారిగా పనిచేసిన జేమ్స్ బ్యారీ సంగతి వేరు. ఆడవారికి ఆ చదువు దక్కని రోజులు కనుక మగవేషం వేశారని మొదట అనుకోవచ్చు. 1859లో ఉద్యోగం వదిలాక కూడా 1865లో చనిపోయేదాకా మగవాడిగానే జీవించడాన్ని ఆ కారణం ఒక్కటీ వివరించలేదు. అక్కడ నేటి మాట వాడాలనేవారి వాదనకు బలం ఉంది.

ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తాను ఆడో మగో మరొకరో చెప్పుకొనే హక్కు ఆ మనిషిదే. రుద్రమ నోరు విప్పి చెప్పని మాటను ఆమె తరఫున మనం చెబితే ఆ సూత్రానికే విరుద్ధం. అయితే ఆ అమ్మాయి తెలివైనది, "మరి ఆడమనిషి అని మాత్రం ఆమెను అడిగే అంటున్నామా మేడమ్?" అని తప్పక అంటుంది. అనాలి కూడా. కూతురు, భార్య, తల్లి అన్నవి ఆధారాలున్న మాటలని చెబుతాను. అంతకు మించి, మగదుస్తులు తొడిగిన వీరవనిత అని మన పాఠాలు కట్టిన బొమ్మ కూడా ఆధారం చూపించుకోవలసిందేనని ఒప్పుకుంటాను. రేపు మహారాజు అన్న శాసనపాఠం ఒకటి, చందుపట్ల పాఠం ఒకటి జిరాక్స్ తీయించి, ముందుగా ఆ అమ్మాయి చేతికే ఇస్తాను.