ఫొటో డిలీట్ చేయించాక మొదలైంది అసలు పని

కింది అరలోంచి ఒక డబ్బా తీసుకుందామని వంగాను. లేస్తుంటే పక్కనున్నతని చేతిలో బాస్కెట్ కనిపించింది. అందులో ఉన్నది ఒకే ఒక్క ప్యాకెట్. దానికి ఆనించి ఫోన్ నిలబెట్టి ఉంది. బాస్కెట్ కంతల్లోంచి లెన్స్ నా వైపు, స్క్రీన్ అతని వైపు. పైనుంచి చూసేసరికి ఆ స్క్రీన్ మీద నా నడుము, నా చెయ్యి, చేతిలో డబ్బా.

గొంతు పెగలడానికి కాసేపు పట్టింది. పెగిలాక మాత్రం షాపు షాపంతా ఇటు తిరిగింది.

సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి సీట్లోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు, నన్ను ఆనుకుని నిలబడింది, అంతే. ఆ పూట నాకు ధైర్యం ఆ అమ్మాయే. ఫోన్ తెరిపించి చూస్తే నావి ఏడు ఫొటోలు, ఒక వీడియో. మొదటిది నేను షాపులోకి వచ్చిన కాసేపటికే తీసింది. ఒక్కదానికీ చప్పుడు రాలేదు. జపాన్‌లో, దక్షిణ కొరియాలో అమ్మే ఫోన్లలో సైలెంట్‌లో పెట్టినా ఫొటో తీస్తే క్లిక్‌మని వినపడేలా ఏర్పాటు ఉంటుంది. కొరియాలో 2004 నుంచి దానికి ఒక ప్రమాణమే ఉంది. ఇలా దొంగచాటుగా తీసేవాళ్ల వల్లే పెట్టారు. వేరే కెమెరా యాప్ వేసుకున్నవాణ్ని అది ఆపలేదు, నిజమే. అయినా ఆ చప్పుడు ఉండుంటే మొదటి ఫొటోకే వెనక్కి తిరిగేదాన్ని.

"డిలీట్ చేయించండి మేడమ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు సూపర్‌వైజర్. చుట్టూ మూగినవాళ్లదీ అదే మాట. ఆ క్షణంలో నాకు కావాల్సిందీ అదే. నా ఒళ్లు ఇంకొకడి ఫోన్‌లో ఒక్క నిమిషం కూడా ఉండకూడదనిపించింది. చేయించాను. అక్కడితో వదల్లేదు. ఐఫోన్‌లో డిలీట్ చేసిన ఫొటో 30 రోజుల దాకా వేరే ఫోల్డర్‌లో ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినదైతే ట్రాష్‌లో 60 రోజులుంటుంది. అది గుర్తుపెట్టుకుని మరీ ఆ చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించాను. అతను సారీ చెప్పి, ఆ ప్యాకెట్‌కి కార్డు మీద డబ్బు కట్టి, ఏమీ జరగనట్టు నడిచి వెళ్లిపోయాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాటాక తట్టింది: ఇది జరిగిందని చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏముంది? ఉన్న ఒక్క ఆధారాన్నీ దగ్గరుండి చెరిపించాను.

2017లో లండన్‌లోని హైడ్ పార్క్‌లో సంగీత కచేరీకి వెళ్లిన జీనా మార్టిన్ గురించి ఆ రాత్రే చదివాను. ఒకతను ఆమె స్కర్టు కిందినుంచి ఫొటో తీశాడు. ఆమె ఆ ఫోన్ లాక్కుని పరిగెత్తింది. పోలీసులు వచ్చి ఫొటో డిలీట్ చేయించి, తాము చేయగలిగింది పెద్దగా లేదన్నారు. ఆమె వదిలిపెట్టలేదు. ఆమె పోరాటం వల్లే ఇంగ్లండ్, వేల్స్‌లలో 2019లో అలా తీయడాన్ని ప్రత్యేక నేరం చేస్తూ చట్టం వచ్చింది, రెండేళ్ల దాకా జైలు. నాకు మాత్రం ఆ కథలో చట్టం కన్నా ఆ డిలీట్ దగ్గరే మనసు ఆగిపోయింది. అక్కడ పోలీసులు చేయించింది, ఇక్కడ నేనే చేయించుకున్నాను.

ఇక మిగిలింది షాపు కెమెరాలు. మర్నాడు షట్టర్ ఎత్తేసరికి అక్కడున్నాను.

ఫుటేజ్ కాపీ ఇవ్వనన్నాడు మేనేజర్. అందులో వేరే కస్టమర్లూ ఉంటారు కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. నా మొహం ఉన్న రికార్డింగ్ ఎవరో వచ్చి అడిగితే ఇచ్చేయడం నాకూ ఇష్టం ఉండదు. అందుకని అడిగే తీరు మార్చాను. "నాకు ఇవ్వొద్దు. చెరిగిపోకుండా తీసి పక్కన పెట్టండి. పోలీసులు అడిగితే వాళ్లకివ్వండి" అన్నాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టెలో హార్డ్ డిస్క్ నిండిందంటే పాత రికార్డింగ్ మీదే కొత్తది ఎక్కేస్తుంది. ఎవరూ చెరపక్కర్లేదు, దానంతటదే పోతుంది. ఆ షాపులో 15 రోజులకి పోతుందట. యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద ఫుటేజ్‌లో ఉన్న మనిషి తన కాపీ అడగొచ్చు, షాపువాళ్లు మామూలుగా నెలలోపు జవాబివ్వాలి. అక్కడైనా ముందు చెరగకుండా చూసుకోవాల్సిందే.

నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద రాసిచ్చాను. తేదీ, సుమారు టైమ్, ఏ ర్యాక్ దగ్గర, నేను వేసుకున్న బట్టల రంగు, అతని టోపీ, అతను కార్డుతో కట్టిన బిల్లు. రెండో కాపీ మీద మేనేజర్ చేత సంతకం పెట్టించుకున్నాను. అది పట్టుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్లాను.

"ఫొటోలున్నాయా?" అని అడిగింది అక్కడి అధికారిణి. లేవని, ఎందుకు లేవో చెప్పాను. తిట్టలేదు. రాసుకుంటూ ఉండిపోయింది. నలుగురు తిరిగేచోట మనిషి ఫొటో తీయడమే చాలా దేశాల్లో నేరం కాదు. ఎలా తీశాడు, శరీరంలో దేన్ని తీశాడు, వెంటపడ్డాడా, దాన్ని ఏం చేశాడు అన్నవే తేలాలి. ఆ నాలుగింటికీ నా దగ్గరున్నది నా మాట ఒక్కటే.

రెండు రోజుల తర్వాత ఆమెతోపాటు షాపు వెనక గదిలో కూర్చున్నాను. గుమ్మం దగ్గర 'మీ భద్రత కోసం' అన్న బోర్డు ఉన్న షాపే అది. స్క్రీన్ మీద పదహారు గడులు. వాటిలో ఐదు క్యాష్ కౌంటర్ల మీదే ఉన్నాయి. మిగతావి ఖరీదైన సరుకున్న అరల మీద, గోడౌన్ తలుపు మీద. మనుషులు నడిచే సందులు ఏదో ఒక మూల పడితే పడ్డట్టు. నేను వంగిన ర్యాక్ సగమే కనిపిస్తోంది. ఆ టైమ్‌కి పెట్టి చూస్తే నేనూ లేను, అతనూ లేడు. గుండె జారిపోయింది. నా పర్సులో ఆ రోజు బిల్లు ఉంది. దాని మీద 6:52. కౌంటర్ కెమెరా రికార్డింగ్‌లో నేను డబ్బు కడుతున్నది 6:41కి. రికార్డర్ గడియారం పదకొండు నిమిషాలు వెనకుంది. అంత లెక్క కట్టి వెనక్కి జరిపితే దొరికాడు.

దొరికింది నేననుకున్నది కాదు. ఫోన్ సరిగ్గా కనబడలేదు, బాస్కెట్‌లో నల్లటి మచ్చలా ఉంది, అంతే. కానీ నేను ఒక సందులోంచి ఇంకో సందులోకి వెళ్లినప్పుడల్లా అతనూ వచ్చాడు. నేను ఆగితే ఆగాడు. నాలుగు సందులు, ఇరవై నిమిషాలు. ఆ ఒక్క ప్యాకెట్ తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. నేను వంగినప్పుడల్లా అతని బాస్కెట్ కిందికి దిగింది. ఆ ఏడు ఫొటోలు ఉన్నా ఈ వెంటపడడం మాత్రం వాటిలో ఉండేది కాదు. "ఇది చాలు" అంది ఆమె.

లేవబోతుంటే మేనేజర్ ఒక మాటన్నాడు. అతని మొహం సిస్టమ్‌లో ఎక్కిస్తాం, మళ్లీ అడుగు పెడితే అలారం వస్తుంది అని. వచ్చే ప్రతి మొహాన్నీ ఆ కెమెరా దొంగల జాబితాతో పోల్చి చూస్తుందన్న సంగతి అప్పుడే తెలిసింది. నా మొహాన్ని కూడా చూసింది, ఆ రోజూ, అంతకుముందూ.

ఎక్కించమందామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆగిపోయాను. అమెరికాలో రైట్ ఎయిడ్ అనే మందుల షాపుల సంస్థ 2012 నుంచి 2020 దాకా వందల షాపుల్లో ఇలాంటిదే వాడింది. మసక ఫొటోలు ఎక్కించి, సంబంధం లేనివాళ్లను దొంగలుగా చూపించిందనీ, అలా ఒక 11 ఏళ్ల పాపను ఆపి సోదా చేశారనీ అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023 డిసెంబరులో ఐదేళ్లపాటు ముఖ గుర్తింపు వాడకుండా ఆ సంస్థను కట్టడి చేసింది. మేనేజర్ చూపించిన బొమ్మ పైనుంచి తీసింది. టోపీ, కింద కొంచెం గడ్డం. ఆ లెక్కన మా తమ్ముడు కూడా అతనిలాగే ఉంటాడు. ఎన్నాళ్లు ఉంచుతారు, తప్పయితే ఎవరు తీస్తారు అని అడిగాను. చెప్పలేకపోయాడు. "పోలీసులకివ్వండి, మీ జాబితాలో వద్దు" అన్నాను. నా మాట విన్నాడో లేదో తెలియదు. అలా అన్నందుకు మా ఇంట్లో నా మీద ఇప్పటికీ కోపమే. నేను మాత్రం మళ్లీ అదే అంటాను.

కార్డు బిల్లు ఆధారంగా పోలీసులు అతన్ని పట్టుకున్నారు. మూడో వారంలో ఆ అధికారిణి ఫోన్ చేసింది.

"మీ ఫొటోలు దొరకలేదమ్మా. వేరేవాళ్లవి ఉన్నాయి."

"చాలా ఉన్నాయా?"

"లెక్కపెడుతున్నాం. ఒకదాంట్లో అమ్మాయి ఒంటి మీద ఆ షాపు యూనిఫాం ఉంది. చెప్పడానికి మేమే వెళ్తే భయపడిపోతుందేమో. మీరూ ఉంటారా?"

సాయంత్రం షాపుకి వెళ్లాను. ఆ అమ్మాయి కౌంటర్‌లోనే ఉంది, నన్ను చూసి నవ్వింది. లైన్‌లో ఇంకా ఆరుగురున్నారు. ఆఖరి బిల్లు అయ్యేదాకా పక్కనే నిలబడ్డాను.