ముందు కాగితం మీద టేబుళ్లు

బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు నడిపే ఒక పీజీ హాస్టల్‌కి అద్దెల లెక్క చూసే యాప్ రాస్తున్నాను. మొదటిసారి ఆత్రంగా కోడ్ మొదలుపెట్టి, డేటాబేస్‌లో అద్దెకున్నవాళ్ల టేబుల్లోనే (వరుసలు, గళ్లుగా డేటా దాచే పట్టికలోనే) బెడ్ నంబరు, నెల అద్దె పెట్టేశాను. ఒకబ్బాయి 204 గది నుంచి 301కి మారాడు, నంబరు మార్చగానే పాత గదిలో ఎన్నాళ్లున్నాడో, అక్కడ అద్దె ఎంతో అంతా చెరిగిపోయింది, ఓనరు ఆంటీ "మార్చి అద్దె ఏ గదిది బాబూ?" అంటే చెప్పలేకపోయాను. చాలా బాధేసింది.

ఈసారి రెండు రోజులు కీబోర్డు ముట్టుకోలేదు. ఆంటీ రాసుకునే లెక్కల పుస్తకం ముందేసుకుని మనిషి, బెడ్, బస, చెల్లింపు అని నాలుగు గళ్లు గీశాను, ఒక్కో గడీ ఒక్కో టేబుల్. అసలు కీలకం బసే: ఎవరు, ఏ బెడ్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అప్పటి అద్దె ఎంత. చెల్లింపులన్నీ దానికే ముడిపడతాయి.

ఫోన్ నంబర్‌ని మాత్రం ప్రైమరీ కీ (ఒక్కో మనిషినీ విడిగా గుర్తుపట్టే విలువ) చేయకండి, బెంగళూరు వచ్చాక సిమ్ మార్చేవాళ్లు బోలెడుమంది. డబ్బుకి ఫ్లోట్ (దశాంశాల్ని బైనరీలో, అంటే 0, 1 అంకెల్లో దాచే నంబరు రకం) కూడా వద్దు, 0.1 అన్నది బైనరీలో కచ్చితంగా ఇమడదు, డెసిమల్ (దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే రకం) వాడండి. డేటాని ఇలా టేబుళ్లుగా విడదీయడం, కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ (డేటాని ఒకదానికొకటి ముడిపడే టేబుళ్లుగా చూసే పద్ధతి) పేపర్ రాసినప్పటి నుంచీ ఉన్నదే, నాకు ఇప్పుడు ఒంటబట్టింది.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోసుకునే మెయింటెనెన్స్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు, ఆదివారం ఆంటీతో కూర్చుంటాను.