బోటు సామాన్ల కొట్టును మ్యాపులో ఏమని రాయాలి? – నా అనుభవం

ఎవరైనా దిద్దగల ఇంటర్నెట్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నేను తప్పుగా రాసిన ఒక్క మాట వల్ల ఒక సరంగుకు, అంటే బోటు నడిపే పెద్దకు, పూటంతా వృథా అయింది. కాకినాడ జగన్నాథపురం వైపు ఒక కొట్టు నిండా వలలు వేలాడుతుంటే చూసి దానిని ‘ఫిషింగ్’ అనే వర్గంలో చేర్చాను. పక్క వీధిలో బోట్లకు కావలసిన ఇనుప సామాను, తాళ్ళు, ఇంజను సరుకు అమ్మే కొట్టు ఉంటే, గుమ్మం ముందు బోటు బొమ్మ ఉంది కదా అని దానిని ‘బోట్’ వర్గంలో పెట్టాను. ఆ వర్గానికి పడవలు అమ్మే చోటు అని అర్థమన్న సంగతి అప్పటికి నేను చదవలేదు. ఆ సరంగు మేనల్లుడు ఒకప్పుడు మా బడిలో చదివినవాడు. అతడు నాకు ఫోను చేసి, నొచ్చుకుంటూనే విషయం చెప్పాడు: “వలల కొట్టుకెళ్ళి షాఫ్టు ప్యాకింగు అడిగితే వాళ్ళేం చేస్తారండి మాస్టారూ? ప్యాకింగున్న కొట్టు పక్క వీధిలోనే ఉందటండి. మీ మ్యాపులో అక్కడ పడవలమ్ముతారని ఉంటే, మాకు పడవెందుకులే అని మామయ్య వెనక్కొచ్చేశాడండి.”

ఈ మ్యాపును 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టారు. ఇందులో ప్రతి చోటుకూ ట్యాగులు రాస్తాము. ఒక్కొక్క ట్యాగులో ‘షాప్’ వంటి ఒక కీ, దాని పక్కన ఆ కొట్టు ఏ రకమో చెప్పే ఒక విలువ ఉంటాయి. ఎవరైనా కొత్త విలువను రాయవచ్చు, అడ్డుపెట్టేవారు ఉండరు. అయితే పదిమందీ ఒకే అర్థంలో వాడితేనే ఆ విలువ వెతికేవారికి దొరుకుతుంది కనుక, ఈ మ్యాపు రాసేవారు నడిపే వికీలో దాని అర్థం ఏమని రాశారో చదివి తీరాలి. ఆ విలువలు బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంటాయి. మన ఫోనులో కనిపించే తెలుగు పేరు వాటికి ఎవరో చేసిన అనువాదం మాత్రమే. అంటే లోపల దాగి ఉండే విలువ ఒకటి, పైకి కనిపించే పేరు మరొకటి. నేను ఈ రెంటినీ ఒకటిగా అనుకున్నాను.

వికీ చదివిన తరువాత ‘ఫిషింగ్’ అనేది చేపలు పట్టే సామగ్రి అమ్మే కొట్టుకు, ‘బోట్’ అనేది పడవలనే అమ్మే చోటుకు, ‘షిప్ చాండ్లర్’ అనేది పడవలకూ ఓడలకూ కావలసిన సామగ్రి అమ్మే కొట్టుకు అని తేలింది. నాకు కావలసినది ఈ మూడవది. అయితే ఆ మాటే నాకు పెద్ద చిక్కు తెచ్చింది. చాండ్లర్ అంటే మొదట కొవ్వొత్తులు చేసి అమ్మేవాడని, కాలక్రమంలో ఓడలకు సరుకులు ఇచ్చే వర్తకుడికి ఆ మాట అంటుకున్నదని తెలుసుకున్నాను. నా ఫోనులో ఆ వర్గం ‘షిప్ చాండ్లర్’ అనే కనిపించేది. అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఏ రేవులో అడిగినా ఆ మాట తెలిసినవారు దొరకరు. ఇంగ్లీషు బాగా వచ్చినవారు సైతం దానిని చదివి ఇదేదో ఓడల కంపెనీ అనుకుంటారు.

కాబట్టి తెలుగు పేరు వెతకడానికి ముందు ఆ కొట్లలో కాసేపు కూర్చోవాలనుకున్నాను. అందుకు వేట నిషేధ కాలాన్ని ఎంచుకున్నాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు; బోట్లన్నీ ఒడ్డున ఉండి మరమ్మతులు, రంగులు సాగే రోజులు కనుక ఈ కొట్లకు గిరాకీ అప్పుడే ఎక్కువ. నేను తప్పుగా రాసిన ఆ కొట్టు యజమాని నన్ను లోపలికి పిలిచి, బల్ల మీద గోనెసంచి పరిచి ప్యాకింగు చుట్టను విప్పి చూపించారు. ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు బోటు బయటికి వెళ్ళే చోట నీరు లోపలికి రాకుండా ఆపే నలుపలకల తాడు అది. పేనిన నూలుకు గ్రీజు బాగా పట్టించి ఉంటుంది. షాఫ్టు చుట్టుకొలతకు సరిపోయేలా దానిని ముక్కలు కోసి, రింగుల్లా ఒకదాని వెనుక ఒకటి గొట్టంలోకి కూరతారు. అతుకులన్నీ ఒకే వరుసలోకి వస్తే ఆ సందులోంచి నీరు లోపలికి వస్తుందని, అందుకే ఒక్కొక్క రింగునూ కొంత తిప్పి పెట్టాలని ఆయన వేళ్ళతో చూపించారు. జానెడు పొడవున్న ఆ ముక్క లేకపోతే లక్షల రూపాయల బోటు రేవు దాటదు. ఆయన వెనుక అరల్లో తాళ్ళ చుట్టలు, లంగర్లు, ప్రొపెల్లర్లు, లైఫ్ జాకెట్లు, రెసిన్ డబ్బాలు, ఎడమ పక్కకు ఎరుపు, కుడి పక్కకు ఆకుపచ్చ వెలిగే బోటు దీపాలు ఉన్నాయి. వల మాత్రం ఒక్కటి కూడా లేదు. మీ కొట్టును జనం ఏమంటారని అడిగితే, “బోటు సామాన్ల కొట్టంటారు బాబూ, ఇంకేమంటారు?” అన్నారు.

ఆ మాట చాలునని నాకు అక్కడే అనిపించింది. అయినా నా ఒక్కడి నిర్ణయం మీద వదలకుండా మూడు పేర్లు కాగితం మీద రాసుకుని, జగన్నాథపురంలోను, యానాం రేవులోను, అంతర్వేది పల్లిపాలెంలోను కనిపించినవారికి చూపించాను. ఏ పేరు బాగుందని అడగలేదు. ఈ పేరున్న చోటికి మీరు ఏమి కొనడానికి వెళ్తారని అడిగాను. ‘నౌకా సామగ్రి విక్రయశాల’ అని చూపితే ఎక్కువమంది అది పోర్టు ఆఫీసు అనుకున్నారు. ‘పడవ పరికరాలు’ అన్నప్పుడు తెడ్డు, గెడ అన్నారే గాని ఇంజను సరుకు ఎవరికీ తట్టలేదు. మా వైపు పడవ అంటే కాలువలో నడిచేది, సముద్రం మీదికి వెళ్ళేది బోటు. ‘బోటు సామాన్ల కొట్టు’ అనగానే తాడు, లంగరు, రెసిన్, ప్యాకింగు అని గుక్కతిప్పుకోకుండా చెప్పారు. పుస్తకాల భాష మీద నాకు గౌరవం ఉంది, బడిలో నేను నేర్పేది అదే. కాని మ్యాపులో పేరు చదివేవాడు బోటు ఆగిపోయి తొందరలో ఉన్న మనిషి కనుక అతడి నోట ఉన్న మాటే అక్కడ ఉండాలని గట్టిగా నమ్ముతున్నాను.

సరిహద్దులు తేల్చడానికి మాత్రం ఎక్కువ కాలం పట్టింది. వలలు, బెండ్లు, సీసపు గుళ్ళు మాత్రమే అమ్మే కొట్టును ‘ఫిషింగ్’ లోనే ఉంచి, వర్ణనలో ‘వలల కొట్టు’ అని రాశాను. తాళ్ళరేవు వైపు బోట్లు కట్టే చోట్లు అసలు కొట్లే కావు. వాటికి ‘క్రాఫ్ట్’ అనే కీ కింద పడవలు కట్టేవారికి వేరే విలువ ఉంది. కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు దూరంగా నీటిలోనే లంగరు వేసుకుని ఉంటే బార్జీల మీద సరుకు చేరవేస్తారు కదా, ఆ ఓడలకు కూరగాయలు, మంచినీరు, తాళ్ళు సరఫరా చేసే ఏజెన్సీలు కూడా కొన్ని ఉన్నాయి. నిఘంటువు ప్రకారం అసలైన షిప్ చాండ్లర్లు వారే. కాని అక్కడ కౌంటరు ఉండదు, నడిచి వెళ్ళి అర కిలో మేకులు కొనే వీలు లేదు. అందుచేత వాటిని ‘ఆఫీస్’ కీ కిందకు మార్చాను. దీనితో ఏకీభవించనివారు ఉండవచ్చు. చోటును వెతుక్కుంటూ వెళ్ళే మనిషి ఉత్త చేతులతో తిరిగి రాకూడదన్నది నేను పెట్టుకున్న కొలత.

కొట్టు పేరు రాసే చోట ఈ వర్గాన్ని ఇరికించకూడదన్న మరో నియమం కూడా అప్పుడే నేర్చుకున్నాను. బోర్డు మీద ఏముందో అదే పేరు. బోర్డు లేకపోతే ఆ గడి ఖాళీగా ఉండాలి. నేను అంతకు ముందు బోర్డు లేని నాలుగు కొట్లకు సొంతంగా పేర్లు పెట్టాను, వాటిని తీసివేశాను.

చివరికి ఈ మ్యాపును దిద్దే ఐడీ ఎడిటరు అనువాదాలు జరిగే ట్రాన్సిఫెక్స్ అనే వెబ్‌సైటులో ఆ వర్గానికి ‘బోటు సామాన్ల కొట్టు’ అని ప్రతిపాదించి, వెతుకులాట మాటల గడిలో తాడు, లంగరు, ప్రొపెల్లర్, రెసిన్, షాఫ్టు ప్యాకింగు అని చేర్చాను. ఈ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, కాని పేరు తెలియని మనిషిని సరైన వర్గానికి చేర్చేది అదే. తరువాత వీధిలో నడుస్తూనే కొట్ల వివరాలు దిద్దే ఎవ్రీ డోర్ యాప్‌తో జగన్నాథపురం వీధులన్నీ మళ్ళీ నడిచి ఒక్కొక్క కొట్టునూ సరిచేశాను. ఆ సాయంత్రమే మేనల్లుడికి ఫోను చేసి, మామయ్యను అడిగి తప్పులుంటే చెప్పమన్నాను. సరంగు స్వయంగా ఫోను తీసుకుని, యానాంలో నేను బోటు సామాన్ల కింద పెట్టిన ఒక కొట్టులో ఇప్పుడు రొయ్యల చెరువుల నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తప్ప మరేమీ అమ్మడం లేదని చెప్పారు. వచ్చే ఆదివారం వెళ్ళి చూసి దానిని మార్చాలి.